గొడ్ల ఉపవాసం

కృపమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మామగారు చేసిన తప్పుకు దేవుడు తన బిడ్డను పట్టుకుంటాడని.

మామగారిని పట్టుకోడు. ఆ సంగతి ఆమెకు ఖాయంగా తెలుసు. ఏడో తరగతి మధ్యలో బడి మానిపించినా, వేలు పెట్టుకుని చదువుకుంటూ పోతే బైబిల్లో ఆమెకు కనబడింది అదే. ఫరో మొండికెత్తితే ఐగుప్తులో చచ్చినవి దూడలు. తిరగలి దగ్గర కూచున్న దాసీదాని తొలిచూలు బిడ్డ కూడా చచ్చాడు. ఫరో మాత్రం ఇంకొన్నాళ్ళు రథమెక్కి తిరిగాడు. చివరికి సముద్రంలో మునిగినప్పుడు గుర్రాల్ని కూడా తోడు తీసుకుపోయాడు. ఆకాను సొమ్ము దాచుకుంటే వాడితోపాటు వాడి ఎద్దుల్నీ గాడిదల్నీ రాళ్ళతో కొట్టారు. ఆ గాడిద ఏం దాచుకుందని? ఈ మాట ఒకసారి భర్తనడిగితే, ఆనందరావు పళ్ళు తోముకుంటూ "అలాంటివి అడక్కూడదు" అన్నాడు. ఆయన దగ్గర అన్నిటికీ ఉన్న జవాబు అదే.

ఆ మామగారు, సాలమోను మాస్టారు, ఉద్యోగంలోంచి రిటైరయ్యారు గాని మాట్లాడ్డంలోంచి కాలేదు. పేటలో ప్రార్థన మందిరానికి ఆయనే పెద్ద. పాస్టరుగారు నెలకోసారి సైకిలు మీద వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చి పోతారు. మిగతా ఆదివారాలన్నీ మాస్టారివి. పేటలో పిల్లలకు హాస్టల్లో సీటు కావాలన్నా, రెండ్రూపాయల బియ్యం కార్డు కావాలన్నా ఆయన చేతి అర్జీ ఉండాలి. అందుకని ఆయన దగ్గితే కూడా జనం "ఆయ్" అంటారు.

ఆయన సంతకి వెళ్ళి పాడిగేదెను తోలుకొచ్చిన మర్నాడు పొద్దున్న, కృపమ్మ గొడ్లసావిడి ఊడ్చి కుడితి గోలెం దాని ముందుకు జరిపింది. గేదె మూతి ముంచింది. ముంచినంత వేగంగా తీసేసింది. పెదవులు చప్పరించింది. చొంగ తీగలు తీగలుగా గోలెంలోకి జారింది. కృపమ్మ చీపురు పక్కన పెట్టి దాని మూతి పైకెత్తి చూసింది. నాలుక మీద పొర ఊడి, కింద ఎర్రగా ఉంది. గేదె ముందుకాలు ఒకటి నేలకి ఆనించకుండా పట్టుకుని నిలబడింది. గిట్టల సందులో పుండు. అక్కణ్ణించి వాసన.

ఆమె పుట్టింట్లో ఇలాంటి గొడ్డొస్తే నాన్న దాన్ని తీసుకుపోయి కొబ్బరితోట చివర ఒంటరిగా కట్టేసేవాడు. అది తిని వదిలిన గడ్డి తగలబెట్టేవాడు. కాళ్ళు కడుక్కోకుండా మిగతా వాటి దగ్గరికి వచ్చేవాడు కాదు. ఇందులో పెద్ద విద్యేం లేదు. కోనసీమలో గొడ్డున్న ప్రతి కొంపలో పిల్లలకు కూడా తెలిసిన సంగతే.

"అత్తయ్యగారూ, దీనికి గాలికుంటండి."

సువార్తమ్మ వీధరుగు మీద కూచుని బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు. "గట్టిగా అనకు."

లోపల చొక్కా తొడుక్కుంటున్న మాస్టారు బయటికొచ్చారు. కోడలి వైపు ఎంతో దయగా చూశారు. ఆయన దయగా చూసినప్పుడల్లా కృపమ్మ ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

"నాకు తెలుసునమ్మా. సంతలోనే తెలుసు. నోరు పట్టి చూడకుండా కొంటానా? అందుకే కదా ఆ ధరకి ఇచ్చేడు. గాలికుంటుతో పెద్ద గొడ్డు చావదు. నెల తిరిగేసరికి బిందెడు పాలిస్తుంది."

"మరి వేరే కడదామాండి? తోట చివర?"

"వేరే కడితే ఎందుకు కట్టేరంటారు. మాస్టారి సావిట్లోంచి జబ్బొచ్చిందంటారు." ఆయన కండువా భుజాన వేసుకున్నారు. "మందలోకి తోలేస్తే సరి. నాలుగు రోజులు పోయేక ఎవరి గొడ్డుకి ముందొచ్చిందో ఎవడికి గుర్తుంటుంది?"

ఆ పని ఆయన ఎవరికీ చెప్పలేదు. తనే స్వయంగా పలుపు విప్పారు. తెల్లపంచెకు పేడ అంటకుండా తాడును రెండు వేళ్ళతో పట్టుకుని, కుంటుతున్న గేదెను పేట మంద దిగే కాలవ రేవుకు నడిపించుకుపోయారు. దారిలో సంఘస్థుడు బాబూరావు ఎదురైతే "ప్రభువుకు స్తోత్రం" అన్నారు. బాబూరావు గేదె కాలు వంక చూశాడు. "స్తోత్రమండి" అన్నాడు.

కృపమ్మ సావిట్లో నిలబడి అంతా చూసింది. తొమ్మిది నెలల కొడుకు యేసురత్నం చంకలో చీపురుపుల్ల కోసం చెయ్యి చాపుతున్నాడు. ఆమె వాణ్ణి గట్టిగా అదుముకుంది. తొలిచూలు బిడ్డ వాడు.

* * *

ఈస్టరు ముందటి నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యేసరికి పేటంతా చొంగ. రేవులో, గట్టు మీద, రెండో పంట దాళ్వా చేల పక్క దారుల్లో గొడ్లు కాళ్ళు విదిలించుకుంటూ నిలబడ్డాయి. పొద్దున్నే పాలు పితకబోతే తన్నేవి. పెద్దవాటికి నోరు పుండైంది. దూడలకు పుండు పడే వ్యవధి కూడా లేకపోయింది. బాబూరావు దూడ తల్లి పొదుగు కింద నిలబడి, తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయింది. దాన్ని కొబ్బరిమట్ట మీద వేసి ఈడ్చుకుపోతుంటే తల్లి తాడు తెంపుకుని వెంటపడింది.

ఆదివారం మాస్టారు వాక్యం చెప్పారు. ఆ వేళ ఆయన గొంతు మహా బాగుంది.

"మనుషులు పాపం చేస్తే భూమి ఏడుస్తుంది. పొలంలో గొడ్లు మూలుగుతాయి. ఆకాశపక్షులు, సముద్రపు చేపలు కూడా నశిస్తాయి. నేనంటున్నది కాదు, వాక్యం అంటోంది. ఈ పేటలో ఎవరిదో పాపం ఉంది. ఎవరిదై ఉంటుంది?"

ఆడవాళ్ళ చాప మీద ఒకరినొకరు చూసుకున్నారు. కృపమ్మ నేల వంక చూసింది. మొదటిసారి ఆయన చెప్పిన వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది.

"నీనెవె రాజు ఏం చేసేడు? మనుషులతోపాటు గొడ్లు కూడా మేత మెయ్యకూడదు, నీళ్ళు తాగకూడదని చాటించేడు. వాటికీ గోనెపట్ట కట్టించేడు. దేవుడు కనికరించేడా లేదా? వచ్చే శుక్రవారం పేటలో ప్రతి గొడ్డూ మందిరం ముందుకి రావాలి. పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా పరక ఉండకూడదు, చుక్క ఉండకూడదు. గోనె కప్పి తీసుకురండి. ఒక్కటి మిగిలినా ఉపవాసం చెల్లదు."

"దూడల్ని కూడానాండి?" అంది ఒకామె.

"పాలు తాగే పిల్లల్తో సహా."

"ఆయ్" అంది సంఘం.

జబ్బున్నదాన్నీ లేనిదాన్నీ మూతికి మూతి ఆనించి రోజంతా ఒకే ఆవరణలో నిలబెడితే ఏమవుతుందో అక్కడున్న ఒక్కరికీ తెలియక కాదు. తెలిసి అన్న "ఆయ్" అది.

కృపమ్మకు వేరే లెక్క ఉంది. ఆమెకు పాలు చాలవు. యేసురత్నం బతుకుతున్నది ఎలీసమ్మ గేదె పాల మీద. ఎలీసమ్మ కాలవగట్టు మీద పాకలో ఒంటరిగా ఉండే ముసలామె. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నది ఒక్క గేదె. దాన్ని మందలోకి తోలదు. తనే తాడు పట్టుకుని గట్టు వెంట మేపుకుంటుంది. పాలు హోటలుకి పోసి, ఒక గ్లాసు మాత్రం పక్కన పెట్టి ఉంచుతుంది. "ఆ పిల్లాడు నా గేదెకి రెండో దూడ" అంటుంది. పేటలో పాలిచ్చే గొడ్లలో చొంగ కార్చనిది అదొక్కటే.

రాత్రి భోజనాల దగ్గర కృపమ్మ భర్తకు మజ్జిగ పోస్తూ అంది. "ఏమండీ, మీరైనా మావయ్యగారితో చెప్పండి. ఎలీసమ్మ మామ్మ గేదె బాగుంది. దాన్ని తేవద్దని ఒక్క మాట."

ఆనందరావు అమలాపురంలో సొసైటీ గుమాస్తా. అన్నం ముద్ద చుట్టూ మజ్జిగ పారకుండా వేలితో గట్టు కట్టడంలో ఆయన చూపించే శ్రద్ధ మరి దేనిమీదా చూపించడు. "నాన్నగారికి చెప్పేటంతటివాణ్ణా నేను?" అన్నాడు. మళ్ళీ గట్టు సర్దాడు. "అయినా శుక్రవారం నాకు సెలవు దొరకదులే."

* * *

గురువారం సాయంత్రం కృపమ్మ బిడ్డనెత్తుకుని గట్టు మీదకెళ్ళింది. ఎలీసమ్మ గొంతుక్కూచుని చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని పితుకుతోంది. పక్కన దడి మీద ఒక గోనె ఆరేసి ఉంది. ఉతికింది. చిరుగులకు మాసికలు కూడా వేసింది.

"చూసేవా అమ్మాయ్? రేపు కప్పడానికి. దేవుడి ముందుకి యూరియా వాసనతో తీసుకెళ్ళకూడదు కదా."

"మామ్మా, రేపు దాన్ని తీసుకురాకు."

"ఎందుకే?"

కృపమ్మ గట్టుకి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. చెబితే మామగారి పరువు. ఇంట్లో తనకు తిండి పెట్టే చెయ్యి. చెప్పకపోతే చంకలో వీడు. పాలధార చెంబులో పడుతున్న చప్పుడు వినగానే యేసురత్నం నోరు ఆడించడం మొదలెట్టాడు.

"గాలికుంటు మా సావిట్లోంచి వచ్చింది. మావయ్యగారు సంతలోనే చూసేరు. చూసే కొన్నారు. తెలిసే మందలోకి తోలేరు."

ఎలీసమ్మ చేతులు ఆగలేదు. కాస్త నిదానించాయి. "దేవుడి శిక్ష అంటున్నారు కదే మాస్టారు."

"దేవుడు సంతకి వెళ్ళలేదు మామ్మా."

ముసలామెకు నవ్వొచ్చింది. నవ్వుకి చెంబు కదిలి నురగ మోకాలి మీద చిందింది. "నోరు ముయ్యి, బాలింతరాలివి. ఎవరైనా వింటే నిన్నూ గేదెతో పాటు రాటకి కట్టేస్తారు." చివరి ధారలు పితికి, పొదుగు తుడిచి, గ్లాసు నింపి ఇచ్చింది. అప్పుడు అంది. "సరే. నేనొస్తాను. అది రాదు."

* * *

శుక్రవారం ఎండ చిటపటలాడింది. మందిరం ముందు ఆవరణ గొడ్లతో నిండిపోయింది. గేదెల వీపుల మీద యూరియా సంచులు, ఆవుల మీద ఊక గోతాలు. ఒక పెద్దమనిషి మేకకు కొడుకు స్కూలు సంచీ కప్పి తెచ్చాడు. మేకలకు ఉపవాసం అర్థం కాలేదు. ఒకదాని గోనెను ఒకటి నమిలాయి. ఎండిన నోళ్ళతో గేదెలు పక్కదాని మూతి తడిని నాకాయి. నేలంతా చొంగ, దాని మీద గిట్టలు, ఆ గిట్టల మధ్య దూడలు. తల్లుల్ని ఒక వైపు, దూడల్ని ఒక వైపు కట్టారు, పాలు తాగితే ఉపవాసం చెడుతుందని. అవి అరుస్తున్నాయి. అరుపు ఎక్కువైనప్పుడల్లా బాబూరావు డప్పు గట్టిగా వాయించి పాట అందుకున్నాడు.

మాస్టారు పందిరి నీడలో నిలబడి ప్రార్థన నడిపించారు. మధ్యమధ్య కొబ్బరిబొండం తాగారు. గొంతు ఎండితే వాక్యం పలకదని సంఘమే ఆయనకు మినహాయింపు ఇచ్చింది. ఆయన తాగుతుంటే ఒక ఆవు తల తిప్పి చూసింది.

కృపమ్మ బిడ్డ ఏడుపు అందుకున్నాడు. "ఏడవనీ," అంది సువార్తమ్మ కళ్ళు మూసుకునే. "దేవుడు వింటాడు." కృపమ్మ లేచి మందిరం వెనక్కి వెళ్ళింది. కొంగులో దాచిన చిన్న పాలసీసా, ఉగ్గుగిన్నె తీసి, గోడకి ఆనుకుని, బిడ్డకు పాలు పోసింది. ఇప్పుడు పట్టుకుంటాడు దేవుడు, ఇప్పుడే, అనుకుంటూ పోసింది. యేసురత్నం తాగి, తేన్చి, ఆమె ముక్కు పట్టుకున్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆవరణలో నవ్వులు. ఎలీసమ్మ వచ్చింది. గేదె లేదు. ఉతికిన గోనెను తనే వీపు మీద కప్పుకుని, మెడ దగ్గర ముడేసుకుని నిలబడింది.

"గేదె ఏదమ్మా ఎలీసమ్మా?" అన్నారు మాస్టారు నవ్వుతూనే.

"ఇంటికాడుందండి."

"ఎందుకు తేలేదు?"

"దానికి పాపం లేదండి. నాకుంది. నేనొచ్చేను."

నవ్వు తెగింది. మాస్టారు బొండం కింద పెట్టారు. ఎలీసమ్మ వెళ్ళి గేదెల వరసలో ఖాళీ ఉన్న చోట ఎండలో కూచుంది. దీపాల వేళ దాకా లేవలేదు. పేటలో ఆ రోజు పూర్తిగా ఉపవాసం ఉన్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

* * *

ఆ తర్వాత జబ్బు లేని సావిడి లేకుండా పోయింది. అంతవరకు బాగున్న గొడ్లు కూడా ఎండలో తెచ్చుకున్నదాన్ని ఇంటికి మోసుకుపోయాయి. దూడలు వరసగా రాలిపోయాయి. కొబ్బరిమట్టలు ఈడ్చిన గీతలు దారి పొడుగునా కనబడుతున్నాయి. ఇంత జరిగినా మాస్టారిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. వేరే మాట పుట్టింది. ఎలా పుట్టిందో గాని, రేవులో పుట్టి హోటలుకీ, హోటల్లోంచి మందిరానికీ నడిచింది. ఉపవాసం చెడగొట్టింది ఎవరు? ఎవరి గొడ్డు రాలేదు? ఎవరి గొడ్డు ఒక్కటే ఇంకా కుదురుగా నెమరేస్తోంది?

హోటలువాడు ఎలీసమ్మ పాలు మానేశాడు. సువార్తమ్మ గ్లాసును చూడగానే లాక్కుని పెంటకుప్ప మీద పారబోసింది. "ఆకాను ఇంటి పాలు నా మనవడికొద్దు."

"మరేం పట్టనండి వీడికి?"

"గంజి పట్టు."

బాబూరావు అరుగు మీద కూచుని, కృపమ్మకు వినబడేటట్టే మాస్టారితో అన్నాడు. "ఆ గేదె పేటలో ఉన్నంతకాలం మన గొడ్లు బాగుపడవండి. ఏదో ఒకటి చెయ్యాలి." మాస్టారు కళ్ళు మూసుకుని తల ఊపారు, పాట వింటున్నట్టు.

ఆదివారం ఎలీసమ్మను మందిరంలో నిలబెట్టారు.

"నీకు నువ్వుగా ఇలాంటి బుద్ధి పుట్టదు ఎలీసమ్మా," అన్నారు మాస్టారు మెత్తగా. "ఎవరో చెప్పేరు. ఎవరు చెప్పేరో చెప్పేస్తే నీ మీద దోషం ఉండదు."

ఎలీసమ్మ ఆడవాళ్ళ చాప వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. "ఎవరూ చెప్పలేదండి. నాకే తోచింది."

"బల్ల నుంచి తీసెయ్యాల్సొస్తుంది."

"ఆయ్."

కృపమ్మ లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. ఒక కాలు తిమ్మిరెక్కి ఉంది. బిడ్డ భుజాన నిద్రపోతున్నాడు.

"నేనే చెప్పేనండి. గాలికుంటు మా సావిట్లోంచే వచ్చింది. మావయ్యగారు సంతలోనే చూసేరు. తెలిసే మందలోకి తోలేరు. మీరు అడగండి."

తాటాకు విసనకర్రలు ఆగిపోయాయి. కృపమ్మ ఒక్కొక్క ముఖమే చూసింది. ఎవరో ఒకరు ఉలిక్కిపడతారని, ఎవరో ఒకరు మాస్టారి వైపు తిరుగుతారని చూసింది. దూడ పోయిన బాబూరావు గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన పక్కవాడు డప్పు తోలు సవరిస్తున్నాడు. ఆనందరావు పాటల పుస్తకంలో తర్వాతి పాటేదో వెతుకుతున్నాడు. ఒక్క ముఖంలో ఆశ్చర్యం లేదు.

అప్పటికి గాని ఆమెకు అర్థం కాలేదు. వీళ్ళందరికీ తెలుసు. ఆ పొద్దున్న రేవు దారిలో కుంటుతున్న గేదెను బాబూరావు ఒక్కడే కాదు, దారి పొడుగునా అందరూ చూశారు. అందరూ "స్తోత్రమండి" అన్నారు. తను గుండెల్లో పెట్టుకుని నిద్రమాని మోసిన రహస్యం ఎవరికీ రహస్యం కాదు. కొడుకు హాస్టలు సీటుకి ఒకడు, బియ్యం కార్డుకి ఒకడు, తమ గొడ్లను తమ చేత్తోనే తీసుకొచ్చి ఆ ఎండలో కట్టేశారు. నేరం మోపడానికి, అర్జీ రాయించుకోవలసిన అవసరం లేని ముసల్దాని కోసం ఎదురుచూశారు.

"అమ్మాయి బాలింత," అన్నారు మాస్టారు. గొంతులో ఎంత జాలో. "పాపం, నిద్రలేదు. మనసు చెదిరింది. మనమంతా ఆమె కోసం మోకరించుదాం."

అందరూ మోకరించారు. మందిరం నిండా వంగిన వీపులు. ఎలీసమ్మ, కృపమ్మ మాత్రం నిలబడి ఉన్నారు. "ప్రభువా, ఈ బిడ్డ నోటికి కావలి పెట్టు" అని మాస్టారు మొదలెట్టారు. సంఘం మూలిగింది.

కృపమ్మ తన భయం కోసం లోపల వెతుక్కుంది. ఇన్నాళ్ళూ ఉన్నచోట అది లేదు. ఆ గేదె పలుపు పట్టుకున్నది రెండు వేళ్ళు. దూడల్ని తల్లుల దగ్గర్నించి లాగినవి, గోనెలు కప్పినవి, ఇంట్లో గ్లాసు గుంజుకున్నది, అన్నీ తనకు పేరుపేరునా తెలిసిన చేతులే. వాటిని దేవుడని ఎలా పొరబడింది? బిడ్డ బరువుకు భుజం మార్చుకుంది. వాడు నిద్రలో చప్పరించాడు.

* * *

మర్నాడు ఆనందరావుకు సెలవు దొరికింది. భార్యనూ బిడ్డనూ రాజోలు వైపు పుట్టింటి బస్సెక్కించడానికి. "మనసు కుదుటపడేదాకా ఉండు" అన్నాడు. ఎవరి మనసో చెప్పలేదు. బస్సు కాలవగట్టు పక్కగా పోతుంటే కృపమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి చూసింది. పాక కనబడింది. దడి కనబడింది. ఎలీసమ్మ కనబడలేదు. దడి దగ్గర బాబూరావు, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. బస్సు మలుపు తిరిగింది.

పుట్టింట్లో యేసురత్నం ఆవుపాలు తాగుతున్నాడు, పాకుతున్నాడు, గుమ్మం పట్టుకుని లేస్తున్నాడు. వాడికేం కాలేదు. కృపమ్మ రెండుసార్లు గట్టు మీద పాకకి ఉత్తరం వేసింది. చదివి పెట్టేవాళ్ళు మాస్టారో, మాస్టారి మనుషులో. జవాబు రాలేదు. వెళ్తానంటే నాన్న వద్దంటున్నాడు. అత్తింటి నుంచి పిలుపు లేదు.

మీలో ఎవరికైనా పి.గన్నవరం మీదుగా వెళ్ళే పనుంటే, అక్విడెక్టు వంతెన దాటాక దిగి, కాలవగట్టు వెంట కాస్త లోపలికి నడవండి. దడి కట్టిన పాక ఒకటే ఉంటుంది. పాలు కావాలని అడగండి. ఎలీసమ్మగారు బయటికొస్తే "బానే ఉన్నానండీ, ఆయ్" అంటారు. ఆ ఒక్క మాట విని వచ్చేయకండి. కూచోండి. పొయ్యి వెలిగిందో లేదో చూడండి. పాక వెనక్కి వెళ్ళి, రాటకి గేదె ఉందో లేదో మీ కళ్ళతో చూసి రండి.